పిల్లలతో, అత్తగారితో మూడు రోజులు అడవికి: బెంగళూరు నుంచి ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి?

ప్రశ్న: అనంతపురం ఆడపడుచు, మారతహళ్లి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. పదకొండేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాము. ఫిబ్రవరి చివరి వారంలో మా ఇద్దరికీ ఒకేసారి మూడు రోజుల సెలవు దొరికింది. పన్నెండేళ్ల బాబు, ఏడేళ్ల పాప, అరవై ఆరేళ్ల మా అత్తగారు, మేమిద్దరం కలిసి కారులో ఏదైనా అడవికి వెళ్లాలని అనుకుంటున్నాము. అత్తగారికి రక్తపోటు ఉంది, మోకాళ్ల నొప్పి వల్ల ఎక్కువ దూరం నడవలేరు. అయినా మా అందరిలోకీ ఆవిడకే ఉత్సాహం ఎక్కువ, ఎందుకంటే ఆవిడ చిన్నతనంలో పెనుకొండ దగ్గర గుట్టల్లో కట్టెలు ఏరుకొచ్చిన మనిషి.

నాకు మాత్రం భయంగా ఉంది. నిరుడు దసరా సెలవుల్లో ఒక ప్రయాణ సంస్థవాళ్లు డబ్బు కట్టించుకుని ముప్ఫై మందిని బస్సులో ఒక కొండ అడవికి తీసుకెళ్లారు. అనుమతులన్నీ ఉన్నాయనే చెప్పారు. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత నడక మొదలుపెట్టించారు. దిగివచ్చేసరికి చీకటి పడిపోయింది, కింద అటవీ సిబ్బంది ఆపి అనుమతి పత్రం చూపించమంటే మా వెంట వచ్చిన కుర్రవాడి దగ్గర ఏమీ లేదు. రాత్రి తొమ్మిదిన్నర దాకా చెక్‌పోస్టు దగ్గర కటికనేల మీద కూర్చున్నాము. నీళ్లు అయిపోయాయి. పాప ఆకలికి ఏడుస్తుంటే ఒక వాచరు తన డబ్బాలోని రాగిముద్దను తుంచి, చారులో అద్ది, పాప నోట్లో పెట్టారు. "సాయంత్రం ఐదు దాటితే ఈ దారిలో మేము కూడా ఒంటరిగా నడవమమ్మా" అని ఆయన కన్నడంలో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందుకని ఈసారి అన్నీ తెలుసుకునే బయలుదేరాలని ఉంది. మాలాంటి కుటుంబానికి ఏ అడవి అనువైనది? అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలి? మావారి స్నేహితులు కొందరు బందీపూర్ అడవి మీదుగా రాత్రిపూట కారులో వెళితే జంతువులు బాగా కనిపిస్తాయని చెబుతున్నారు, అది సరైనదేనా? పురుగూ పుట్రా విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? పులి కనిపించకపోతే పిల్లలు నిరుత్సాహపడకుండా అక్కడ చూడవలసినవి, చేయవలసినవి ఏమైనా ఉంటాయా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు 1: పలమనేరు రైతుబిడ్డ, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్

అక్కా, మిగతావన్నీ తరువాత చూసుకోవచ్చు, ముందు ఆ రాత్రి ప్రయాణం ఆలోచన మానుకోండి. బందీపూర్ గుండా కేరళకు వెళ్లే 766వ జాతీయ రహదారినీ, ఊటీ వైపు వెళ్లే 181వ జాతీయ రహదారినీ 2009 నుంచి రాత్రి తొమ్మిది మొదలుకొని ఉదయం ఆరు దాకా మూసి ఉంచుతున్నారు. అంబులెన్సులకూ, కొద్దిపాటి బస్సులకూ మాత్రమే మినహాయింపు. వాహనాల కింద పడి జింకలూ, చిరుతలూ, ఏనుగు పిల్లలూ చచ్చిపోతుంటే చూడలేక తీసుకున్న నిర్ణయం అది. కాబట్టి గేటు మూయడానికి పది నిమిషాల ముందు దూరిపోదామని కారును తరుముకుంటూ వెళ్లడం కూడా తప్పే, ఆ పది నిమిషాల తొందరలోనే ప్రమాదాలు జరుగుతాయి. పగటి వెలుగు ఉండగానే అడవి దాటేలా లెక్క వేసుకోండి.

ఏనుగుల గురించి నాకు తెలిసింది చెబుతాను. మా తాతల కాలంలో మా వైపు ఏనుగన్నది లేదు. 1980ల్లో హోసూరు అడవుల వైపు నుంచి కుప్పం, పలమనేరు కొండల్లోకి మందలు వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించారు. నేను పదో తరగతి చదువుతుండగా ఒక రాత్రి నాన్నతో కలిసి రాగిచేను కావలికి మంచె మీద పడుకున్నాను. ఏనుగు వస్తే నేల అదురుతుందని, చెట్లు ఫెళఫెళా విరుగుతాయని అనుకునేవాణ్ణి. అటువంటిదేమీ జరగలేదు. నడిరాత్రి దాటాక 'పట్, పట్' అని ఎవరో తడిబట్ట ఉతుకుతున్నట్టు మెత్తని చప్పుడు వినిపించింది. నాన్న నా నోరు మూసి చెవిలో చెప్పాడు, అది ఏనుగు రాగికట్టను వేళ్లతో సహా పీకి, మట్టి రాలడానికి ముంగాలికి కొట్టుకుంటున్న చప్పుడని. మంచెకూ దానికీ మధ్య ముప్ఫై అడుగులు కూడా లేవు. అంత పెద్ద శరీరం చేనంతా దాటి అక్కడిదాకా వచ్చినా ఒక్క అడుగు చప్పుడూ మాకు వినబడలేదు. దాని అరికాలి కింద మెత్తటి కొవ్వు దిండులాగా ఉంటుంది, అందుకే నడక వినిపించదు. వినిపిస్తుందిలే, అప్పుడు తప్పుకుందామని అడవిలో ఎన్నడూ అనుకోవద్దు.

దారిలో ఏనుగు ఎదురైతే కారును వీలైనంత దూరంలో ఆపండి. ఇంజను ఆపవద్దు, హారను కొట్టవద్దు, లైట్లు వెలిగించి ఆర్పవద్దు, అద్దాలు దించవద్దు. మందలో పిల్ల ఉంటే తల్లికీ పిల్లకూ నడుమ మీ వాహనం పడకుండా చూసుకోవాలి. చెవులు విప్పి, తల పైకెత్తి మీ వైపు నిలబడిందంటే, లేదా రెండడుగులు ముందుకు వచ్చి నేలను కాలితో గోకిందంటే, అది మిమ్మల్ని వెనక్కి పొమ్మంటోంది. అప్పుడు మెల్లగా, నేరుగా వెనక్కి పోనివ్వండి. కణతల దగ్గర నల్లగా కారిన చార కనిపించే మగ ఏనుగు మదంలో ఉన్నట్టు, దాని ఛాయలకు కూడా పోవద్దు. 2025 ఆగస్టులో బందీపూర్ రోడ్డు మీద ఒకాయన బండి దిగి ఏనుగుతో సెల్ఫీ తీసుకోబోయి తొక్కించుకున్నాడు. బతికి బయటపడ్డాక అటవీశాఖ 25,000 రూపాయల జరిమానా వేసింది.

ఇంకొక్క సంగతి. మంద దాటిపోయింది కదా అని వెంటనే బండి కదపవద్దు. పిల్లలు ఉన్న మందలో వెనుకబడి వచ్చేవి ఉంటాయి. ఆఖరి ఏనుగు పొదల్లోకి వెళ్లిన తరువాత కూడా ఐదు నిమిషాలు ఆగండి. మా ఊళ్లో సైకిలు మీద పాలు పోసే ఒక పెద్దాయన ఆ ఐదు నిమిషాలు ఆగకపోవడం వల్లే కాలు పోగొట్టుకున్నాడు.


జవాబు 2: కొండదారి, బసవనగుడి

మీ బృందానికి నా ఓటు బిళిగిరి రంగన బెట్టకు. అందరూ బందీపూర్, కబిని అంటారు. కబిని జలాశయం వేసవిలో తగ్గేకొద్దీ ఆ పచ్చిక మీదికి ఏనుగులు గుంపులుగా దిగడం చూడవలసిన దృశ్యమే, కానీ దానికి మార్చి, ఏప్రిల్ నెలలు ఇంకా మేలు, బసకు అయ్యే ఖర్చు కూడా ఎక్కువ. బిళిగిరి బెంగళూరుకు సుమారు 180 కిలోమీటర్లు, కనకపుర, మళవళ్లి, కొళ్లేగాల, యళందూరు మీదుగా దారి. పశ్చిమ కనుమలకూ తూర్పు కనుమలకూ నడుమ వంతెనలాంటి కొండలు కావడం వల్ల ఒక్క రోజులోనే ముళ్లపొదల నేల, ఆకురాల్చే అడవి, ఎత్తుకు వెళ్లాక పచ్చని సతతహరిత అడవి, గడ్డిమైదానాలు కనిపిస్తాయి. కొండ అంచున రంగనాథస్వామి గుడి ఉంది, దాని దగ్గరిదాకా కారు వెళుతుంది కాబట్టి మీ అత్తగారికి శ్రమ ఉండదు. స్వామికి భక్తులు సమర్పించే పెద్ద పెద్ద తోలు చెప్పుల జతను ఆవిడకు తప్పకుండా చూపించండి. స్వామి రాత్రిళ్లు ఆ చెప్పులు తొడుక్కుని అడవిలో తిరుగుతాడని, అందుకే అవి అరిగిపోతాయని అక్కడివారి నమ్మకం.

అది అక్కడి ఆదివాసులైన సోలిగల అడవి. 2011లో ఆ ప్రాంతాన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించారు, అదే ఏడాది సోలిగలకు సామూహిక అటవీ హక్కులు కూడా దక్కాయి. పులుల అభయారణ్యం లోపల అటువంటి హక్కులు పొందిన తొలి సమూహం వారిదే. అక్కడ సోలిగ మనిషి వెంట నడిచే అవకాశం దొరికితే వదులుకోవద్దు. మనకు ఆకుల కుప్ప కనిపించే చోట వారికి ఎలుగుబంటి చెదపుట్టను తవ్విన గుంట కనిపిస్తుంది.

బస విషయానికి వస్తే, క్యాతదేవరాయన గుడి దగ్గర కర్ణాటక ప్రభుత్వ జంగిల్ లాడ్జెస్ వారి శిబిరం ఉంది. బస, భోజనం, సఫారీ అన్నీ ఒకే రుసుములో ఉంటాయి, వెంట వచ్చే మార్గదర్శి అడవి తెలిసినవాడు. రాత్రి డేరా బయట ఏనుగులూ అడవిపందులూ తిరుగుతాయి. చీకటి పడ్డాక భోజనశాలకు వెళ్లాలన్నా సిబ్బందిని పిలిచి వారి వెంటే వెళ్లాలి. తినుబండారాలు డేరాలో గానీ కారు సీటు మీద గానీ పెట్టవద్దు, కోతులు కారు తలుపు సందులోంచి కూడా లాగేస్తాయి.

అనుమతుల గురించి మీరు అడిగింది చాలా ముఖ్యం. అభయారణ్యంలో అడుగు పెట్టడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి తప్పనిసరి, ప్రైవేటు నిర్వాహకుడి రసీదు దానికి బదులు కాదు. 2024 జనవరిలో గణతంత్ర దినోత్సవపు సెలవుల్లో కర్ణాటకలోని కుమార పర్వతం మీదికి వేలమంది ఒకేసారి ఎగబడిన తరువాత ప్రభుత్వం నడకలను కొంతకాలం ఆపి, రోజుకు 300 మంది అనే పరిమితితో ఆన్‌లైన్ నమోదు పెట్టింది. ఇప్పుడు ఆ నమోదు అటవీశాఖవారి 'అరణ్య విహార' వెబ్‌సైటులో జరుగుతుంది. ఎవరి వెంట వెళ్లినా ఆ పత్రం మీద మీ పేరు ఉందో లేదో మీ కళ్లతో చూసుకున్నాకే డబ్బు కట్టండి. నిరుడు మిమ్మల్ని తీసుకెళ్లినవారు చేసింది పిల్లల ప్రాణాలతో ఆడుకోవడమే. బయలుదేరే రెండు రోజుల ముందు సఫారీ నడుస్తోందో లేదో కూడా ఫోను చేసి కనుక్కోండి. 2025 నవంబరులో అడవి అంచు గ్రామాల్లో పులి దాడులు జరిగినప్పుడు బందీపూర్, నాగరహొళె సఫారీలను ప్రభుత్వం ఉన్నపళంగా ఆపివేసింది. ఆ పల్లెల మనుషుల దుఃఖం ముందు మన టికెట్టు డబ్బు ఏపాటిది.

ఫిబ్రవరి చివర అన్నారు కనుక నిప్పు గురించి చెప్పకుండా ఉండలేను. అప్పటికి ఆకు రాలి, గడ్డి ఎండి, పులికంప పొదలు గలగలలాడుతూ ఉంటాయి. బందీపూర్‌లో 2019 ఫిబ్రవరిలో గోపాలస్వామి బెట్ట చుట్టుపక్కల రేగిన మంటలు వేల ఎకరాలను బూడిద చేశాయి, రోజుల తరబడి ఆకాశం పొగతో నిండిపోయింది. అంతకు ముందు ఏడాది, 2018 మార్చి 11న, తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్లిన బృందాలు కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. వారిలో చెన్నై నుంచి వెళ్లిన యువతులు చాలామంది ఉన్నారు. మంట ఎప్పుడూ ఎగువ వాలును వేడెక్కిస్తూ పైకి పరుగెత్తుతుంది, మనిషి ఎక్కే వేగం దాని ముందు చాలదు. పొగ కనిపిస్తే కొండ పైకి వెళ్లకూడదు. పక్కకు జరిగి, బండరాయి గానీ, నీళ్లు గానీ, ఇదివరకే కాలిపోయిన నేల గానీ ఉన్న వైపు పోవాలి. ఇందుకే ఎండాకాలంలో చాలా నడకదారులను మూసేస్తారు, మూసి ఉంటే బతిమాలకండి. అగ్గిపెట్టె, సిగరెట్టు, పొయ్యి ఏదీ వెంట ఉండకూడదు. కర్ణాటకలో అడవిలో పొగ కనిపించినా, ఆపద వచ్చినా 1926కు ఫోను చేయవచ్చు. అయితే లోపల సిగ్నలు ఉండదు కాబట్టి ఎక్కడికి వెళుతున్నారో, ఎప్పుడు తిరిగివస్తారో ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లడం మరవద్దు.


జవాబు 3: సర్జాపుర నివాసి

ఇంత దూరం ఎందుకండీ, బన్నేరుఘట్ట దగ్గరే కదా. ఉదయం వెళితే సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చు, పులినీ సింహాన్నీ తప్పకుండా చూడవచ్చు. మంగళవారం మాత్రం సెలవు.


జవాబు 4: వైద్యవృత్తిలో ఉన్నాను, జయనగర్

ఏడేళ్ల పాపకు బన్నేరుఘట్ట కూడా సంతోషమే, కానీ ఆవిడ అడిగింది వేరు కదా. నేను నా వృత్తికి సంబంధించినంత వరకే చెబుతాను.

పాము గురించి అందరూ భయపడతారు, పిడుదు గురించి ఎవరూ అడగరు. పశువుల చెవుల్లో పట్టే పిడుదుల జాతివే అడవిలోనూ ఉంటాయి, ఎండాకాలం ముందు వాటి పిల్లలు ఆవగింజంత ఉండి ఆకుల మీద కాచుకుని ఉంటాయి. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చనిపోతుంటే కనుగొన్న జ్వరం, మన వాడుకలో కోతి జ్వరం, ఈ పిడుదుల ద్వారానే మనుషులకు వస్తుంది. డిసెంబరు నుంచి మే దాకా దాని కాలం. అందరికీ వస్తుందని కాదు, అయితే జాగ్రత్త సులువు గనుక తీసుకోండి. లేత రంగు పొడవు చేతుల చొక్కాలు, నిండు ప్యాంటు వేసుకుని ప్యాంటు అంచును మేజోళ్లలోకి దోపండి. లేత రంగు మీద పాకే పిడుదు కంటికి కనిపిస్తుంది. రాలిన ఆకుల మీద కూర్చోవద్దు, చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోకుండా సిబ్బందికి చెప్పండి. తిరిగి వచ్చిన వెంటనే బట్టలు వేడినీళ్లలో నానబెట్టి, పిల్లలకు స్నానం చేయిస్తూ చెవుల వెనుక, చంకల్లో, గజ్జల్లో, మోకాలి మడతల్లో వేలితో తడిమి చూడండి. పిడుదు పట్టి ఉంటే కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిటారుగా లాగి, సబ్బుతో కడగండి. ఆ తరువాత రెండు వారాల్లో చలితో పెద్ద జ్వరం, నుదుటి నొప్పి వచ్చినా, ఒంటి మీద నల్లని పక్కు కట్టిన పుండు కనిపించినా, అడవికి వెళ్లివచ్చామని వైద్యుడికి మొదటి మాటగా చెప్పండి. ఆ ఒక్క మాట లేక రోగనిర్ధారణ ఆలస్యమైనవారిని నేను చూశాను.

పాముకాటుకు నాగు, కట్ల, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేసే ఒకే విరుగుడు మందు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటుంది. గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం మూడూ చేయకూడనివే. కరిచిన కాలిని కదపకుండా ఉంచి, ఉంగరాలూ పట్టీలూ తీసేసి, 108కి ఫోను చేసి, మోసుకుని అయినా ఆసుపత్రికి చేర్చాలి. చీకట్లో టార్చి లేకుండా కాలు కింద పెట్టకపోతే సగం ప్రమాదం తప్పుతుంది.

అత్తగారి మాత్రలు మూడు రోజులకు కాక ఐదు రోజులకు సరిపడా తీసుకోండి, అందులో సగం మీ సంచిలో, సగం ఆవిడ సంచిలో ఉండాలి. సఫారీ జీపు కుదుపులకు నడుం వెనుక ఒక చిన్న దిండు పెట్టండి, ముందు వరుసలో కూర్చోబెట్టమని అడగండి. తేనెటీగల తుట్టె ఉన్న బండరాళ్ల దగ్గర అత్తరు, పొగ, కేకలు పనికిరావు. అవి లేస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని కారులోకో గదిలోకో పరుగెత్తడమే మార్గం.


జవాబు 5: పిట్టల పంతులమ్మ, మల్లేశ్వరం

అమ్మా, నేను ముప్ఫై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి, విశ్రాంతి తీసుకున్న తరువాత పక్షుల వెంట పడినదాన్ని. మీ చివరి ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది. పులి కనిపించకపోతే పిల్లలు ఏం చేయాలి? నేనైతే పులి మాట వాళ్ల దగ్గర ముందుగా ఎత్తను. జీపు ఎక్కేముందు ఇద్దరికీ చెరొక నోటుపుస్తకం, పెన్సిలు ఇవ్వండి. కనిపించినవాటిని కాక వినిపించినవాటిని రాయమనండి. బాబు ఒక పేజీ నింపేలోగా వాడి చెవి మారిపోతుంది.

అడవిలో కొండముచ్చులు చెట్టు మీద చిగుళ్లు తింటూ సగం కింద పడేస్తాయి, వాటి కోసం జింకలు ఆ చెట్టు కింద చేరతాయి. జింకకు ముక్కు చురుకు, కొండముచ్చుకు చూపు చురుకు. ఎవరికి ముందు తెలిస్తే వారు అరుస్తారు, రెండో జాతి నమ్మి తల ఎత్తుతుంది. జింక అరుపు కీచుమని ఒక్కసారి విని వదిలేయవచ్చు, కానీ కణితి (సాంబరు జింక) గొంతెత్తి 'ఢాంక్' అందంటే మార్గదర్శి జీపు ఆపించేస్తాడు, ఎందుకంటే కణితి ఊరికే అరవదు. ఆ నిశ్శబ్దంలో పది నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చోవడం, చివరికి ఏ జంతువూ బయటికి రాకపోయినా, పిల్లలు జీవితాంతం మరిచిపోరు. నేనిప్పటికి పులిని నాలుగుసార్లే చూశాను, కణితి పిలుపు విన్న ఉదయాలు మాత్రం లెక్కలేనన్ని.

పాపకు బెట్టుడతను చూపించండి. మన పెరటి ఉడతకు ఎన్నో రెట్లు పెద్దది, వీపు ఇటుక ఎరుపు, కుచ్చుతోక ఒంటికంటే పొడుగు. చెట్ల కొమ్మల చివర ఆకులతో గంపంత గూడు కడుతుంది, కాబట్టి గూడు దొరికిందంటే ఓపిక పట్టాలంతే. తోక చివర రెండు తంతులకు రెండు ఆకులు కట్టినట్టుండే ఏట్రింత పిట్ట ఇతర పక్షుల గొంతులను అనుకరిస్తుంది, ఒక్కో రోజు అది డేగలాగా అరిచి అందరినీ బెదరగొడుతుంది. అడవిదున్న కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడిగినట్టు ఉంటాయి, అది పిల్లలకు భలే నచ్చుతుంది. ఇక మీ అత్తగారికి చెట్లు చూపించండి. నల్లమద్ది బెరడు మొసలి వీపులాగా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. ఆవిడ నల్లమద్దినీ, చిరుమానునూ, జిట్రేగినీ పేరు పెట్టి గుర్తుపడితే పిల్లలకు అదే పెద్ద పాఠం. ఫిబ్రవరి చివరికి మోదుగలు కూడా పూస్తాయి.

గోధుమ, బూడిద, ఆకుపచ్చ రంగు బట్టలు చాలు, వైద్యుల మాట ప్రకారం వాటిలో లేతవి ఎంచుకోండి. అత్తరు, మల్లెపూలు ఆ మూడు రోజులూ వద్దు. 8x42 దూరదర్శిని (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే బైనాక్యులర్) ఒక్కటి ఉంటే ఐదుగురూ పంచుకోవచ్చు. ఫోన్లు సంచిలోనే ఉంచండి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు పులుల అభయారణ్యాల కోర్ ప్రాంతంలో సందర్శకులు మొబైల్ వాడరాదని చెప్పింది కూడా. జీపులో లేచి నిలబడటం, చిప్సు పొట్లం చప్పుడు చేయడం, కోతికి అరటిపండు ఇవ్వడం వద్దని పిల్లలకు ఇంట్లోనే చెప్పండి. మనం పెట్టిన పండుకు అలవాటుపడిన కోతి రోడ్డు మీదికి వచ్చి చక్రాల కింద పడుతుంది. రాలిన ఈక, నెమలి పింఛం, కొమ్ము ముక్క ఏది దొరికినా చూసి అక్కడే పెట్టి రండి, అభయారణ్యం నుంచి ఏదీ తీసుకురావడానికి చట్టం ఒప్పుకోదు.


ప్రశ్న అడిగినవారి నుంచి, మార్చి మొదటి వారంలో

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం రాత్రి క్షేమంగా ఇల్లు చేరాము, మీరంతా ఇంత శ్రద్ధగా రాశారు గనుక ఏమైందో చెప్పడం నా బాధ్యత.

బిళిగిరికే వెళ్లాము. ఉదయం ఐదున్నరకు బయలుదేరడం వల్ల మధ్యాహ్నానికి ముందే చేరుకున్నాము. నడకదారులు నిప్పు భయంతో మూసి ఉన్నాయి, మేము అడగనైనా అడగలేదు. రెండు సఫారీలు వెళ్లాము. పులి కనిపించలేదు. రెండోనాటి ఉదయం కణితి మూడుసార్లు పిలిచింది. జీపు ఆగింది, ఎవరూ మాట్లాడలేదు, మా బాబు పెన్సిలు కిందపడితే తీసుకోవడానికి కూడా వంగలేదు. వాడి పుస్తకంలో ఆ పేజీలో '7.10, ఢాంక్, ఢాంక్, ఢాంక్' అని మాత్రమే ఉంది. పాప బెట్టుడత గూటి కింద ఇరవై నిమిషాలు నిలబడి, తోక ఒక్కటి బయటికి వేలాడటం చూసింది. అత్తగారు నల్లమద్దిని దూరం నుంచే గుర్తుపట్టి, తమ ఊళ్లో దాని చెక్కతో బండి ఇరుసు చేసేవారని మార్గదర్శికి చెప్పారు. ఆయన సోలిగ, తన భాషలో దాని పేరు చెప్పారు. ఇద్దరూ చెట్ల పేర్లు మార్చుకుంటూ ఉంటే మేము వింటూ కూర్చున్నాము. గుడిలో స్వామి చెప్పులకు ఆవిడ నమస్కారం పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చాక బాబు మేజోడు మీద ఒక్క పిడుదు దొరికింది, ఇంకా చర్మం దాకా పోలేదు. జ్వరం ఎవరికీ లేదు, రెండు వారాలు కనిపెట్టి చూస్తాము.

పలమనేరు తమ్ముడికి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. తిరుగు ప్రయాణంలో కొండ దిగుతుండగా వంపు అవతల ఏనుగుల మంద రోడ్డు దాటుతూ కనిపించింది. మావారు దూరంగా ఆపి, ఇంజను ఆపకుండా, హారను ముట్టుకోకుండా ఉన్నారు. మా వెనుక ఒక జీపు వచ్చి ఆగింది. అత్తగారు వేళ్ల మీద లెక్కపెట్టారు, ఏడు దాటాయి. ఏడోది వెదురు పొదల్లోకి వెళ్లిపోగానే వెనుక జీపువాళ్లు కదలమని లైట్లు వేశారు. మావారు చెయ్యి బయటపెట్టకుండా తల మాత్రం అడ్డంగా ఊపి, గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. నాలుగో నిమిషంలో ఎడమ వైపు గట్టు మీద ఆకులు కదిలాయి, నడుమెత్తు పిల్ల ఏనుగు జారుతూ రోడ్డు మీదికి దిగింది, దాని వెనుకే తల్లి వచ్చింది. పిల్ల మధ్యలో ఆగి మా కారు వైపు తొండం ఎత్తింది. తల్లి తొండంతో దాని వీపు మీద నెట్టి అవతలికి తీసుకుపోయింది. ఆ తరువాత ఇంకో ఐదు నిమిషాలు ఆగి బయలుదేరాము.